డొక్కుకు రొక్కం

2009వ సంవత్సరం ఆగస్టు నెలలో అమెరికాలో కొత్త కార్లు అమ్మే దుకాణాల వెనుక పెరళ్లలో ఒక విచిత్రమైన తంతు జరుగుతూ ఉండేది. మెకానిక్కు ఒకడు వచ్చి, నిక్షేపంగా నడుస్తున్న కారు ఇంజనులోని ఆయిలు మొత్తం కార్చివేసేవాడు. ఆయిలుకు బదులుగా రెండు లీటర్లకు కాస్త తక్కువగా ఒక ద్రవాన్ని పోసేవాడు. తరువాత ఇంజనును స్టార్టు చేసి, నిమిషానికి రెండువేల చుట్లు తిరిగే వేగాన ఉంచేవాడు. కొన్ని నిమిషాలు గడిచేసరికి ఇంజను మూలిగి, దగ్గి, ఒక్క కుదుపుతో బిగుసుకుపోయేది. అటుపైన దానిని బ్రతికించడం ఏ మేస్త్రీ తరమూ కాదు.

ఆ ద్రవం పేరు సోడియం సిలికేటు. నీళ్లలో కరిగించిన గాజు అనుకుంటే సరిపోతుంది. ఇంజను వేడికి నీరు ఆవిరైపోతుంది, గాజు మాత్రం లోపలి భాగాలకు పట్టుకుని గట్టిపడుతుంది. ఇదంతా ఎవరో గిట్టనివాళ్లు చేసిన దుండగం కాదండీ. సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వం వారి ఉత్తరువు. ఇలా చంపించినందుకు కారుగలాయనకు కొత్త కారు ధరలో 3,500 డాలర్లో, 4,500 డాలర్లో తగ్గించి, ఆ సొమ్మును ప్రభుత్వమే దుకాణదారుకు చెల్లించేది.

మన వీధులలో పాతబట్టలు పుచ్చుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడను ఎరుగని ఇల్లాలు ఉండదు. ఆ బేరంలో ముగ్గురికి లాభం. ఇల్లాలికి గిన్నె వస్తుంది. గిన్నెలావిడకు బట్టల మీద నాలుగు డబ్బులు మిగులుతాయి. ఆ చీరలను సంతలో చవకగా కొనుక్కునే బీదరాలు ఒకతె ఉంటుంది, ఆమెకు కట్టుకోను చీర దొరుకుతుంది. ఇప్పుడు ఆ గిన్నెలావిడ చీర పుచ్చుకున్న మరుక్షణమే, మీ గుమ్మంలోనే, దాన్ని నిలువునా చింపివేయాలని చట్టం వచ్చిందనుకోండి. మీ గిన్నె మీకు వచ్చింది, పైగా మునుపటికంటే పెద్ద గిన్నె వచ్చింది. సంతలో నిలబడినామె సంగతేమిటి? పాత కార్లకు ప్రభుత్వాలు కట్నాలిచ్చే పథకాలన్నింటిలోనూ నన్ను వెంటాడే ప్రశ్న ఇదే. కాని ముందు గిన్నె అందుకున్నవారి కథ చూద్దాం. అది కూడా పైకి కనిపించినంత తీపి కాదు.

ఈ ఎత్తు అమెరికావారు కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో బల్లాద్యూర్ ప్రధానిగా ఉన్నప్పుడు, 1994 ఫిబ్రవరిలో, పదేళ్లు దాటిన కారును తుక్కుకు వేసి కొత్తది కొనేవారికి 5,000 ఫ్రాంకులు ఇస్తామన్నారు. జనం ఆ సొమ్ముకు ప్రధానిపేరే తగిలించి ‘బల్లాద్యూరెత్’ అని పిలిచారు. తరువాత వచ్చిన ప్రధాని జూపే 1995 అక్టోబరులో ఎనిమిదేళ్ల కార్లకు కూడా ఇస్తానని, పెద్ద కారు కొంటే 7,000 ఫ్రాంకులని మరో పథకం పెట్టాడు. దాని పేరు ‘జూపెత్’ అయి కూర్చున్నది. ఫ్రెంచి భాషలో ఆ ఉచ్చారణకే పొట్టి లంగా అనే అర్థం కూడా ఉన్నది! ప్రధానమంత్రికి ఇంతకంటే చక్కని బిరుదు ఎవరివ్వగలరు? 1996 సెప్టెంబరులో ఆ పథకం ముగిసింది. 1997లో కార్ల అమ్మకాలు దభీమని పడిపోయాయి. ఈ పడిపోవడం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అమెరికాలో పథకానికి చట్టంలో ఉన్న పేరు గంభీరమైనదే. జనం నోట పడ్డ పేరు ‘క్యాష్ ఫర్ క్లంకర్స్’. క్లంకరు అంటే లొడలొడమంటూ పోయే బండి. మన డొక్కు అన్నమాట. తెలుగులో ‘డొక్కుకు రొక్కం’ అంటే ప్రాసకు ప్రాసా కలుస్తుంది, అర్థానికి అర్థమూ నిలుస్తుంది.

2009 నాటికి అమెరికా పరిస్థితి బాగులేదు. ఉద్యోగాలు ఊడుతున్నాయి. ఏప్రిల్ ఆఖరున క్రిస్లరు, జూను ఒకటిన జనరల్ మోటార్సు దివాలా కోర్టు మెట్లెక్కాయి. కార్లు కొనే నాథుడు లేడు. ఏదో ఒకటి చేసి కార్లు అమ్మించాలి. దానితోపాటు పెట్రోలు తాగే పాత రాక్షసులను రోడ్డు మీదనుంచి తప్పించితే, ఒక దెబ్బకు రెండు పిట్టలు. జూను 24న అధ్యక్షుడు ఒబామా సంతకం చేశాడు. 100 కోట్ల డాలర్లు కేటాయించారు.

షరతులు చూడండి. పాత కారు వయస్సు పాతికేళ్లలోపు ఉండాలి. నడిచే స్థితిలో ఉండాలి. అది గాలనుకు 18 మైళ్లకు మించి ఇవ్వకూడదు, అంటే మన లెక్కలో లీటరుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు. ఏడాదిపాటు అదే యజమాని పేర రిజిస్ట్రేషనూ, ఎడతెగని ఇన్సూరెన్సూ ఉండి తీరాలి. కొనేది కొత్త కారే కావాలి, దాని ధర 45,000 డాలర్లు దాటకూడదు. కొత్త కారు పాతదానికంటే గాలనుకు నాలుగు మైళ్లు ఎక్కువ ఇస్తే 3,500, పది మైళ్లు ఎక్కువ ఇస్తే 4,500. ట్రక్కులకూ జీపులకూ లెక్క వేరుగా, కాస్త ఉదారంగా ఉన్నది.

జూలై ఆఖరి వారంలో తలుపులు తెరిచారు. వారం తిరగకుండానే 100 కోట్ల డాలర్లు హారతి కర్పూరం అయిపోయాయి! కాంగ్రెసు ఆదరాబాదరాగా మరో 200 కోట్లు ఇచ్చింది. అవి ఎక్కడివి? సూర్యరశ్మి, గాలి వంటివాటినుంచి విద్యుత్తు తీసే పరిశ్రమల అప్పులకు పూచీగా కేటాయించి పెట్టిన నిధిలోంచి తీసినవి. పొగ తగ్గించడానికి పెట్టిన పథకం కోసం, పొగ లేని విద్యుత్తు సొమ్మును లాగారన్నమాట.

దుకాణదారుల అవస్థ చెప్పనలవి కాదు. ముందు కొనేవారికి సొమ్ము తగ్గించి ఇవ్వాలి, తరువాత కాగితాలన్నీ ప్రభుత్వానికి పంపి రాబట్టుకోవాలి. దరఖాస్తులు వరదలా వచ్చిపడేసరికి చెల్లింపులు ఆలస్యమయ్యాయి. కొందరు దుకాణదారులు, ప్రభుత్వం కాదంటే ఆ మొత్తం మీరే కట్టాలని కొనేవారి చేత ముందే సంతకం పెట్టించుకున్నారు. ఆగస్టు 24న పథకం మూసేనాటికి 6 లక్షల 77 వేల పైచిలుకు పాత కార్లు గాజుద్రవం తాగి ప్రాణాలు విడిచాయి. ఖర్చు 285 కోట్ల డాలర్లు. సగటున కారుకు 4,200.

ఇచ్చిన పాత బండ్లలో నూటికి 84 జీపులూ, వ్యానులూ, ట్రక్కుల జాతివి. అన్నింటికంటే ఎక్కువగా వచ్చింది ఫోర్డు ఎక్స్‌ప్లోరరు. కొన్నవాటిలో అగ్రస్థానం టొయోటా కొరోలాది. అమెరికా కంపెనీలను బ్రతికించడానికి పెట్టిన అన్నదానంలో మొదటి విస్తరి జపాను కంపెనీకి పడిందని అక్కడివారే నవ్వుకున్నారు. అయితే మైలేజీ మాత్రం నిజంగా పెరిగింది. పాతవి సగటున గాలనుకు 15.8 మైళ్లు ఇస్తే కొత్తవి 24.9 ఇచ్చాయి. దీనిని కాదనడానికి లేదు.

కొన్నవారికి ఏమి ఒరిగింది? మొదటి అనుమానం, దుకాణదారుడు ధర పెంచి ఆ సొమ్ము తానే మింగాడేమోనని. అమ్మకాల చిట్టాలు పరిశీలించిన ఆర్థికవేత్తలు అలా జరగలేదనీ, దాదాపు మొత్తమూ కొనేవారికే చేరిందనీ తేల్చారు. సంతోషం. కాని 4,500 డాలర్లు చేతికి వచ్చాయంటే 4,500 లాభం అని కాదు. బయట 1,000 డాలర్లు పలికే బండిని ఇచ్చినవాడికి లాభం 3,500. బయట 4,000 పలికే బండిని ఇచ్చినవాడికి లాభం 500 మాత్రమే. దానికోసం అతడు అప్పు తీరిపోయిన బండిని వదులుకుని, నెలనెలా వాయిదా కట్టే బండిని ఇంటికి తెచ్చుకున్నాడు. అదీ ఉద్యోగాలు ఊడుతున్న రోజులలో. నగదు ఎరగా కనబడినప్పుడు మనిషి వాయిదాల కాగితాన్ని తాపీగా చదవడు. ఈ బలహీనత అమెరికావాడికి ప్రత్యేకం కాదు.

ఇక పెద్ద ప్రశ్న. ఈ సొమ్ము ఇవ్వకపోతే వీళ్లు కార్లు కొనేవాళ్లు కాదా?

ఆతిఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు, డొక్కు కార్లు ఎక్కువగా ఉన్న ఊళ్లనూ తక్కువగా ఉన్న ఊళ్లనూ పక్కపక్కన పెట్టి లెక్క తీశారు. పథకం నడిచిన రెండు నెలల్లో అదనంగా అమ్ముడైనవి సుమారు 3 లక్షల 70 వేలు. మిగిలినవారు ఎలాగూ కొనబోతున్నవారే. మరి ఈ అదనం నిలిచిందా? 2010 మార్చి ముగిసేసరికి దాదాపు పూర్తిగా హరించుకుపోయింది. అంటే, రాబోయే శీతకాలంలో కొనదలచుకున్నవారు ఆగస్టులోనే కొన్నారు. శీతకాలం వచ్చేసరికి దుకాణాలు ఖాళీ. మన ఊళ్లలో ఆషాఢం తగ్గింపు ధరలకు ఎగబడి దసరా చీర ముందే కొనుక్కున్నవాళ్లు దసరాకు మళ్లీ కొట్టువైపు రారు చూడండి, అదే వరస. ఫ్రాన్సులో 1997లో జరిగిందీ ఇదే.

టెక్సాసులో హోక్‌స్ట్రా, పుల్లర్, వెస్ట్ అనే ముగ్గురు మరొక చక్కని త్రాసు పట్టుకున్నారు. గాలనుకు 18 మైళ్లు ఇచ్చే కారుగలవాడు పథకానికి అర్హుడు, 19 ఇచ్చే కారుగలవాడు కాడు. ఆ ఒక్క మైలు తప్ప ఇద్దరి సంసారాలలోనూ పెద్ద తేడా ఏముంటుంది? ఆ ఇద్దరినీ పోల్చిచూస్తే, సొమ్ములో నూటికి 60 వంతులు ఆ రెండు నెలల్లో ఎలాగూ కొనేవారికే పోయిందని తేలింది. మిగిలినవారు ఎనిమిది నెలలకు మించి ముందుకు జరిగి కొన్నది లేదు. అంతకంటే తమాషా మరొకటి బయటపడింది. మైలేజీ షరతు ఉండటంచేత జనం పెద్ద బండ్లు మాని చిన్నవీ చవకవీ కొన్నారు. పది నెలలు కలిపి చూస్తే కార్ల మీద జనం పెట్టిన ఖర్చు పెరగకపోగా తగ్గింది! కంపెనీల పెట్టె నింపడానికి పోసిన నీరు ఆ పెట్టెనే తొలిచిందన్నమాట. అయితే కొనేవారి వైపునుంచి చూస్తే ఇది అంత చెడ్డదేమీ కాదని నా అభిప్రాయం. చిన్న కారు కొన్నవాడికి పెట్రోలు మిగిలింది. దుకాణంలో వాడు చేయని ఖర్చు వాడి జేబులోనే ఉన్నది కదా.

అదే సంవత్సరం జర్మనీవారు ఇంకా పెద్ద సంతర్పణ చేశారు. తొమ్మిదేళ్లు దాటిన కారును తుక్కుకు ఇస్తే 2,500 యూరోలు. 150 కోట్ల యూరోలతో మొదలుపెట్టి 500 కోట్ల వరకు పెంచారు. అవీ సెప్టెంబరు మొదట్లోనే అయిపోయాయి. లెక్కకు 20 లక్షల కార్లు. ప్రభుత్వం దీనికి పెట్టిన పేరుకు ‘పర్యావరణ బహుమానం’ అని అర్థం. జనం మాత్రం ‘అబ్‌వ్రాక్‌ప్రేమియె’ అన్నారు, అంటే తుక్కు బహుమానం. జర్మను భాషాసంఘంవారు ఆ సంవత్సరపు మాటగా ఈ రెండవదానినే ఎంపిక చేశారు. పర్యావరణం ఓడి తుక్కు గెలిచింది. మరుసటి ఏడు అక్కడ కూడా కొత్త కార్ల రిజిస్ట్రేషన్లు 38 లక్షలనుంచి 29 లక్షలకు దిగిపోయాయి.

జర్మనీ పథకంలో ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. ఏడాది వాడిన కారు కొన్నా బహుమానం ఇచ్చారు, కాబట్టి మధ్యతరగతివాడికి కాస్త వెసులుబాటు కలిగింది. కాని అక్కడ గాజుద్రవం తంతు లేదు. తుక్కు అయిపోయాయని కాగితాలలో రాసిన కార్లు కొన్ని దొంగతనంగా ఆఫ్రికాకూ తూర్పు యూరపుకూ తరలిపోయాయని పోలీసులు గగ్గోలు పెట్టారు. అమెరికావారి క్రూరత్వంలో కూడా ఒక యుక్తి ఉన్నదని దీనినిబట్టి ఒప్పుకోక తప్పదు.

ఇక సంతలో నిలబడినామె దగ్గరకు వద్దాం.

అమెరికా పథకంలో కొన్నవారు మామూలుగా కొత్త కార్లు కొనేవారికంటే కొద్దిగా తక్కువ ఆదాయంవారే. అయినా పాత కార్లు కొనేవారికంటే ఎక్కువ ఆదాయంవారు. ఎందుకంటే, కొనేది కొత్తదే కావాలన్న షరతు గుమ్మంలోనే నిలబడి ఉన్నది. పన్నెండేళ్ల బండిని అమ్మి ఏడేళ్ల బండి కొనుక్కుందామనుకునే కూలివాడికి దమ్మిడీ రాదు. ఇన్సూరెన్సు కట్టలేక నాలుగు నెలలు బండిని పెరట్లో పెట్టుకున్నవాడికీ రాదు. పైగా రేపు తాను కొనుక్కోవలసిన వ్యానులోనే గాజు పోశారు. ఇంజనే పోయాక దాని విడిభాగాలు కూడా అతడికి దక్కవు. పాత కార్లు విరాళంగా పుచ్చుకుని బీదలకు సహాయం చేసే ధర్మసంస్థలు కూడా ఆ రోజులలో తమ గతేమిటని కంగారుపడ్డాయి.

ఈ విషయంలో అతిశయోక్తి చెప్పకూడదు. అమెరికాలో అప్పటికి ఉన్న బండ్లు సుమారు 25 కోట్లు. అందులో ఆరు లక్షల చిల్లర పోతే పాత కార్ల బజారు తలకిందులు కాదు. కాని పోయినవి అన్ని రకాల కార్లూ కావు. పెద్ద కుటుంబం ఎక్కడానికీ, సామాను వేసుకుని కూలిపనికి పోవడానికీ పనికివచ్చే చవకరకం బండ్లే ఎక్కువగా పోయాయి. మన పిల్లలు చదువులకని ఆ దేశం వెళితే ముందుగా ముగ్గురు నలుగురు కలిసి చూసుకునేది ఇటువంటి పాత బండినే. బస్సులు లేని ఊళ్లలో కూరలు తెచ్చుకోవాలన్నా కారే గతి. వెయ్యి డాలర్ల బండి దొరకక రెండువేలు పెట్టవలసి వచ్చినవాడి పేరు ఏ సర్కారు లెక్కలోకీ ఎక్కదు. కొత్త కారు తాళాలు పుచ్చుకున్నవాడి ఫోటో పత్రికలలో పడుతుంది.

మన దేశానికి ఈ గాలి 2021లో వీచింది. ఫిబ్రవరి బడ్జెటులో ప్రకటించి, ఆగస్టు 13న ప్రధాని ప్రారంభించారు. అమెరికావారిది దానోపాయం మాత్రమే. మనవారిది దానమూ, దండమూ రెండూ. దానం ఏమిటంటే, గుర్తింపు పొందిన తుక్కు కేంద్రంలో బండిని అప్పగిస్తే కొత్త బండి ధరలో 4 నుంచి 6 శాతం వరకు తుక్కు విలువ ముట్టవచ్చని అంచనా. ఒక సర్టిఫికెట్టు కూడా ఇస్తారు. అది చూపితే కొత్త బండికి రిజిస్ట్రేషను ఫీజు ఉండదు. సొంత వాడకపు బండికి రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చు. ‘వరకు’ అన్న ముక్కను విడిచి చదవకండి. పన్ను రాష్ట్రాలది కాబట్టి ఎంత ఇచ్చేదీ రాష్ట్రాల ఇష్టం. కంపెనీలు ధరలో 5 శాతం తగ్గించాలని కూడా కేంద్రం చెప్పింది, అది సలహా మాత్రమే.

దండం ఏమిటంటే, పదిహేనేళ్లు దాటిన కారుకు తిరిగి రిజిస్ట్రేషను చేయించుకునే రుసుము 600 రూపాయలు ఉండేది, 2022 ఏప్రిల్‌నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. అయితే ఈ విధానం ప్రకారం వయస్సు మీరినంత మాత్రాన బండిని తుక్కు చేయనక్కరలేదు. పరీక్షలో నెగ్గితే తిరగవచ్చు. ఢిల్లీ ప్రాంతపు కోర్టు ఆంక్షల కథ వేరు, దానిని ఇక్కడికి లాగి ఎవరైనా బెదిరిస్తే జంకవద్దు.

ఇంట్లో పదిహేనేళ్ల కారు ఉన్నవారు కాగితమూ పెన్సిలూ తీసుకుని కూర్చోవచ్చు. కొనదలచిన కారు 8 లక్షలు, దానికి లైఫ్ టాక్సు లక్ష అనుకుందాం. తుక్కు విలువ 5 శాతమని వేసుకుంటే 40 వేలు. మీ రాష్ట్రం 25 శాతం పూర్తిగా ఇస్తే మరో 25 వేలు. వెరసి 65 వేలు, ఆపైన రిజిస్ట్రేషను ఫీజు. మీ పాత కారును బజారులో లక్షకు అడిగేవాడుంటే తుక్కు కేంద్రం వైపు వెళ్లడం బుద్ధితక్కువ. 30 వేలకు కూడా అడిగేవాడు లేకపోతే వెళ్లవలసిందే. ఆ ఏడు మీకు కారు కొనే ఉద్దేశం అసలు లేదనుకోండి, 65 వేల కోసం 8 లక్షల ఖర్చు నెత్తిన వేసుకోవడం ఆగస్టు నెల అమెరికావాడి దారి.

మన పథకంలో అమెరికావారికి తోచని ఏర్పాటు ఒకటి ఉన్నది. ఆ సర్టిఫికెట్టును వేరొకరికి అమ్ముకోవచ్చు. కొత్త కారు కొనే స్తోమతు లేనివాడు కూడా తన డొక్కును అప్పగించి, తుక్కు డబ్బులు పుచ్చుకుని, రాయితీ హక్కును కొత్త కారు కొనే మరొకరికి విక్రయించవచ్చు. కాగితం మీద ఇది భేషైన ఆలోచన. తుక్కు కేంద్రం గుమ్మంలో నిలబడే చిన్న వ్యానువాడికి ఆ కాగితం చేతికి వస్తున్నప్పుడు దానికి వెల ఉన్నదని ఎవరైనా చెబుతారా, చెప్పకుండా రెండువందలకు తీసుకుని జేబులో వేసుకుంటారా అన్నది వెళ్లి చూడవలసిన విషయం.